ఎడమ హెడ్‌లైటు గ్లాసు

ఇది మహాకావ్యం. ఇందులో ఒక రథం ఉంది. ఒక పర్వతం ఉంది. ఆ పర్వత పాదం దగ్గర రథానికి కన్ను పోవడం ఉంది. దాన్ని తిరిగి తేవడానికి ఒక వీరుడు ఒంటరిగా దక్షిణ దిక్కుకు బయల్దేరడం, పొగ చూరిన గుహలో ఒక వృద్ధురాలు అతనికి పరీక్ష పెట్టడం కూడా ఉన్నాయి.

ఇంతవరకు చదివి ఎవరైనా సర్దుకుని కూర్చుని ఉంటే వాళ్లకు క్షమాపణలు. రథం మా మామయ్య పాత అంబాసిడర్. పర్వతం మంగళగిరి కొండ. కన్ను అంటే ఎడమ హెడ్‌లైటు. గుహ అంటే పర్చూరు దగ్గర ఒక పాత బ్యారన్, అంటే పొగాకును వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం. వీరుణ్ని నేను. మంగళగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను, ఎండలో పావుగంట నిలబడితే తలనొప్పి వస్తుంది.

నేను ఫొటోలు తీస్తాను. మనుషులవి కాదు, పూలవి కాదు, సూర్యాస్తమయాలవి అసలే కాదు. కార్ల లైట్లవీ, రైళ్ల లైట్లవీ తీస్తాను. ఎందుకని అడిగితే నా దగ్గర గంభీరమైన సమాధానం లేదు. లైటు కదలదు, నవ్వమని చెప్పక్కర్లేదు, తీసిన తర్వాత లావుగా వచ్చానని గొడవ చెయ్యదు. పాత కార్ల గుండ్రటి హెడ్‌లైట్లు అప్పుడే నిద్రలేచినవాళ్లలా చూస్తాయి. కొత్త కార్లకు లైట్లు సన్నటి గీతలై పోయి, ప్రతి కారూ వెనక బెంచీవాణ్ని చూసే హెడ్మాస్టరులా చూస్తోంది. లారీల వెనక ఎర్ర లైట్లకు ఇనప ఊచల బోను కడతారు. రైలింజనుకి రెండు దీపాలు ఒకే చట్రంలో పక్కపక్కన ఉంటాయి. రైలు చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు, ఒక ఎర్ర దీపం ఉంటాయి. మొత్తం రైలు వచ్చిందని స్టేషన్‌వాళ్లు దాన్ని చూసే తేల్చుకుంటారు. ఆ గుర్తు కనపడకపోతే మిగతా రైలు వెనక ఎక్కడో ఉండిపోయిందన్నమాట. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇంత చవగ్గా, తెల్ల రంగూ పసుపు రంగూ పూసి తేల్చేసినవాళ్లంటే నాకు గౌరవం.

ఈ గౌరవం అందరికీ ఉండదు. ఒకసారి గుంటూరు స్టేషన్ ప్లాట్‌ఫాం చివర నిలబడి చివరి పెట్టెను తీస్తుంటే ఒక రైల్వే పోలీసు వచ్చి కెమెరా చూపించమన్నాడు. చూపించాను. ఒక్కొక్కటీ జరుపుతూ నలభై ఫొటోల దాకా చూశాడు. అన్నీ ఎర్ర దీపాలే. మొదట్లో ఉన్న అనుమానం పోయి మొహంలో జాలి వచ్చింది.

"పెళ్లయిందా?" అన్నాడు.

"లేదు సార్."

"అవదు," అని కెమెరా ఇచ్చేసి వెళ్లిపోయాడు.

ఇంకోసారి, మిరపకాయల సీజన్లో, గుంటూరు మిర్చి యార్డు బయట ఆగిన లారీల వెనక లైట్లు తీయడానికి వెళ్లాను. ఎర్ర గాజు మీద ఎర్ర దుమ్ము, దాని మీద సాయంత్రపు ఎండ. దేవుడే స్వయంగా సెట్ వేసినట్టుంది. చెమటకు కెమెరా కన్ను మసకబారితే పక్కన బస్తాలు మోస్తున్నాయన భుజం మీది తువ్వాలు అడిగి తుడిచి, కన్ను పెట్టాను. ఆ తువ్వాలు పొద్దుటినుంచీ మిరపకాయల బస్తాల మధ్యే ఉంది. తర్వాత అరగంట నేను లారీ కింద కూర్చుని ఏడ్చాను. చూసినవాళ్లు ఇంట్లో ఎవరో పోయారనుకుని మంచినీళ్లు ఇచ్చారు. ఇవ్వాళ్టికీ గుంటూరులో ఎవరి తువ్వాలూ ముట్టుకోను.

సరే, అసలు కథ.

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు షాపు నడుపుతాడు. షాపు ఆయన వృత్తి, అంబాసిడర్ ఆయన ప్రాణం. చుట్టాల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు ఊరేగింపు ఆ కారులోనే జరగాలి. పెళ్లికూతురు నచ్చకపోయినా సర్దుకుని, కారు రాలేదని మాత్రం అలిగిన పెళ్లికొడుకు మా వంశంలో ఉన్నాడు. ఆ కారు ఇంటి వరండాను పూర్తిగా ఆక్రమించుకుని ఉంటుంది. మా అత్త ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. వరండాలో కూర్చోవలసిన పిల్లలు మెట్ల మీద ఒకరి తల మీద ఇంకొకరి పుస్తకం పెట్టుకుని కూర్చుంటారు.

ఈ ఏడాది కారు రిజిస్ట్రేషన్ గడువు తీరింది. పొడిగించాలంటే బండిని తీసుకెళ్లి రవాణా ఆఫీసులో చూపించాలి. సోమవారం పదకొండింటికి రమ్మన్నారు. అత్త అప్పుడు షరతు పెట్టింది.

"సోమవారం పాసైతే నీ కారు నీ ఇష్టం. ఫెయిలైతే ఆ సాయంత్రమే పాతసామాన్లవాడొస్తాడు, వరండా నాది. సప్లిమెంటరీ లేదు."

"పాసవుతుందే," అన్నాడు మామయ్య.

"నా దగ్గర చదివేవాళ్లందరూ ఇదే మాట అంటారు."

అందుకని శనివారం సాయంత్రం మామయ్య కారును మంగళగిరి కొండ కిందికి పూజకు తీసుకొచ్చాడు. నా ఆఫీసు అక్కడే కాబట్టి నన్నూ రమ్మన్నాడు. నేను కెమెరా తెచ్చాను. తప్పంతా అక్కడే మొదలైంది.

బండి పూజ సంగతి తెలిసిందే. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు దండ, బానెట్ మీదా లైట్ల మీదా పసుపు రాసి కుంకుమ బొట్లు, హారతి, చివర కొబ్బరికాయ. ఎండ సరిగ్గా ఎడమ హెడ్‌లైటు మీద ఏటవాలుగా పడుతోంది. ఆ గ్లాసు మీద నిలువు గీతలుంటాయి. వెలుగును రోడ్డు మీద సమంగా పరచడానికి పెట్టిన గీతలవి. ఒక్కో గీత ఒక్కో బంగారు తీగలా ఉంది. సరిగ్గా అప్పుడు పూజారిగారు పసుపు గిన్నెలో వేలు ముంచారు.

"అయ్యగారూ, ఆ లైటు మీద మాత్రం వద్దండీ. గీతలు కనపడవు."

ఆయన వేలు గాల్లో ఆగింది. "నాయనా, పూజ బండికా, నీ ఫొటోకా?"

"రెంటికీ కుదురుతుందేమోనని."

"పోనీండి అయ్యగారూ, కుడి లైటుకి పెట్టండి. వాడికదో పిచ్చి," అన్నాడు మామయ్య. కుడి లైటుకి ఇంత లావు బొట్టు పెట్టారు. ఎడమది శుభ్రంగా మిగిలింది.

అంతటితో ఆగినా బాగుండేది. కొబ్బరికాయ కొట్టే రాయి కారుకి బారెడు దూరంలో ఉంది. కాయ పగిలినప్పుడు నీళ్లు ఎగిరి ఆ గ్లాసు మీద పడితే, ఆ బొట్లలో ఎండ మెరిస్తే ఎలా ఉంటుందోనని ఒక ఆలోచన వచ్చింది. రాయిని కాలితో నెట్టాను. ఎడమ లైటు కిందికి.

"మామయ్యా, గట్టిగా కొట్టు. నీళ్లు పైకెగరాలి."

"ఒరేయ్, ఇంత దగ్గరా?"

"ఏం కాదు. నేను చూస్తున్నాగా."

నేను నిజంగానే చూస్తున్నాను. కెమెరాలోంచి. మామయ్య రెండు చేతులతో కాయ ఎత్తి, సోమవారం గుర్తొచ్చిందేమో, తన బలమంతా పెట్టి కొట్టాడు. కాయ రెండుగా పగిలింది. ఒక చిప్ప నేలమీద పడింది. రెండోది పైకి లేచింది.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. గ్లాసుకి జానెడు దూరంలో చిప్ప, దాని చుట్టూ ముత్యాల్లా నీటి చుక్కలు, గ్లాసు మీద బంగారు గీతలు, గీతల్లో ఆ చిప్ప నీడ. నేను తీసినవాటిలో అంతకంటే మంచిది లేదు. ఆ తర్వాతి ఫొటోలో గ్లాసు లేదు.

పూజారిగారే ముందు తేరుకున్నారు.

"దిష్టి పోయిందనుకోండి."

"లైటు కూడా పోయిందండీ," అన్నాడు మామయ్య.

పూజారిగారు వంగి కుడి లైటు చూశారు, ఎడమ లైటు చూశారు, నన్ను చూశారు. "బొట్టు పెట్టింది చెక్కుచెదరలేదు నాయనా," అన్నారు. రాయి ఎడమవైపుకి ఎవరు జరిపారన్నది వేరే సంగతి, కానీ అది గుర్తుచేస్తే నాకేమీ లాభం కనిపించలేదు.

గుంటూరులో ఇంటికి చేరగానే మామయ్య మెకానిక్‌కి ఫోన్ మీద ఫోన్ చేశాడు. అతను అత్తగారి ఊరు వెళ్లాడు, ఫోన్ ఎత్తడం లేదు. మర్నాడు ఆదివారం, మామయ్యకు తెలిసిన స్పేరు పార్టుల షాపులన్నీ మూత. అత్త మెట్ల మీద నిలబడి ఎడమ లైటు గుంతలోకి ఒకసారి చూసి, లోపలికెళ్లి టేపు తెచ్చి వరండా కొలవడం మొదలుపెట్టింది.

మామయ్య మొహం చూడలేకపోయాను. ఏదో ఒకటి చెప్పాలి కదా. అందుకని నాకు తెలిసింది చెప్పాను. నాకు తెలుసనుకున్నది, అనాలి.

"షాపులు తెరిచినా లాభం లేదు మామయ్యా. ఈ గీతల గ్లాసు ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. ఇది పాత అంబాసిడర్ నుంచే తేవాలి. అదీ ఎడమదే."

మూడు వందల లైట్ల ఫొటోలు తీసినవాడు చెబితే నమ్మక ఏం చేస్తారు? నేనే నమ్మాను. ఆ రాత్రి ఫోల్డర్లు వెతికితే దొరికింది. కిందటేడు పర్చూరు వైపు ఒక స్నేహితుడి పెళ్లికి వెళ్లినప్పుడు తీసిన ఫొటో. వాడకం మానేసిన పొగాకు బ్యారన్‌లో నిలబెట్టిన అంబాసిడర్, దుమ్ము కింద అవే నిలువు గీతలు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి, రైల్లో చీరాల, అక్కణ్నుంచి రెండు ఆటోలు మారి ఆ ఊరు చేరాను. బ్యారన్ పక్కింట్లోనే దాని యజమానురాలు ఉంటుంది. డెబ్భై దాటి ఉంటాయి, గొంతు మాత్రం పొలం అవతలికి వినపడుతుంది.

"ఏందబ్బాయ్, మళ్లా వచ్చావ్? పోయినసారి తీసింది చెడిపోయిందా?"

"లేదు మామ్మగారూ. ఈసారి లైటు కావాలి."

"లైటు ఫొటోనేగా పోయినసారీ తీసింది?"

"ఫొటో కాదండీ. లైటే."

జరిగింది చెప్పాను. కొబ్బరికాయ దగ్గరకొచ్చేసరికి ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి అరుగు మీద కూర్చుంది.

"కాయ ఎవుడు కొట్టాడు?"

"మా మామయ్య."

"కొట్టమంది ఎవుడు?"

"నేనేనండీ."

"ఆ ముక్క ముందు చెప్పొద్దా?"

బ్యారన్ తలుపు తీసింది. లోపల గోడలన్నీ పొగచూరి నల్లగా ఉన్నాయి. కారు అలాగే ఉంది. డ్రైవరు సీట్లో ఒక కోడి పొదిగి కూర్చుంది. మమ్మల్ని చూసి హారన్ కొట్టనందుకు సంతోషించాను.

"కుడిది తీసుకో," అంది ఆవిడ. "ఎడమది తలుపు వైపుకుంది. పొద్దున తలుపు తీయంగానే అదే కనపడుద్ది నాకు."

"ఎడమదే కావాలండీ. మా కారుకి పోయింది ఎడమది."

ఆవిడ కొంగుతో ఆ లైటు మీది దుమ్ము తుడిచింది. ఈ కారు వాళ్లాయన పొగాకు వేలానికి వెళ్లడానికి కొన్నాడట. "నేనెక్కింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఆస్పత్రికే," అంది, ఫిర్యాదేమీ లేకుండా. "సరే, తీసుకో. కానీ రెండు లైట్లూ ఉండంగానే నాకొక ఫొటో తీసిపెట్టు. నేనూ, కారూ. ఇంతవరకు దీంతో తీయించుకోలా."

పరీక్ష అంటే ఇదే. నేను మనుషుల్ని తీయను, తీయడం రాదు. ఆవిడ లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, తిన్నగా ఎడమ హెడ్‌లైటుకి అడ్డంగా నిలబడింది.

"మామ్మగారూ, కొంచెం పక్కకి. లైటు కనపడట్లేదు."

"నేను కనపడుతున్నానా?"

"ఆ."

"ఇంక చాల్లే, తియ్యి."

తీశాను. ఫోనులో తీసినట్టు వచ్చింది. ఆవిడ మాత్రం చాలాసేపు చూసింది. "కోడి కూడా పడిందే," అంది.

తర్వాత లైటు తీసే కార్యక్రమం. అప్పుడు నాకొక విషయం తెలిసింది. మూడు వందల లైట్లకు ఫొటోలు తీసిన నేను ఒక్క లైటును కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు. చుట్టూ ఉన్న మెరుపు రింగును పట్టుకుని లాగాను, తిప్పాను, బతిమాలాను. ఆవిడ పది నిమిషాలు చూసి, వంటింట్లోంచి కాస్త ఆముదమూ అట్లకాడా తెచ్చింది. కింద ఏదో తడిమి, ఆముదం పోసి, అట్లకాడ మూలతో తిప్పి, దోసె తిరగేసినట్టు ఒక్క ఊపున రింగు ఊడదీసింది. లైటు నా చేతుల్లో పడింది. తలుపు వైపు కారుకి ఇప్పుడొక గుంత మిగిలింది. ఆవిడ దాని వంక చూసి, తలుపు దగ్గరకి వేసింది.

తిరుగు ప్రయాణంలో తువ్వాల్లో చుట్టిన గ్లాసును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. తువ్వాలు నాదే. తెనాలిలో రైలు మారాలి. అక్కడ పక్క పట్టాల మీద గూడ్సు ఇంజను ఒకటి ఆగి ఉంది. సాయంత్రపు ఎండ దాని రెండు దీపాల్లో ఒకదాంట్లోకి సూటిగా దిగి, అది వెలిగించకుండానే వెలుగుతోంది. రెండోది ఆరిపోయినట్టుంది. ఏడాదంతా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డా అలాంటిది దొరకదు. కెమెరా భుజానే ఉంది. చేతులు ఖాళీ లేవు. గ్లాసు కింద పెట్టడానికి భయం.

పక్కనున్నావిడ అడిగింది, "ఏంటి బాబూ అది, మూకుడా?"

"హెడ్‌లైటండీ."

ఆవిడ నన్నూ, ఇంజనునూ మార్చి మార్చి చూసి కొంచెం అవతలికి జరిగింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మెకానిక్ అత్తగారి ఊరినుంచి తిన్నగా షాపుకొచ్చాడు. మేం కారుతో అప్పటికే గుమ్మంలో ఉన్నాం. అత్త కూడా వచ్చింది, ఫలితం దగ్గరుండి చూడాలని. నేను తువ్వాలు విప్పి, గుళ్లో విగ్రహం అందించినట్టు గ్లాసు అందించాను. ఎక్కడినుంచి తెచ్చానో, ఎన్ని ఆటోలు మారానో, ఎడమదే ఎలా సాధించానో చెప్పాను. అతను వెనక్కి తిప్పి చూసి, బల్బు పెట్టి వైరు తగిలించాడు. చీకట్లో బీడీలాంటి వెలుగొచ్చింది.

"లోపల పూత పోయింది బాబూ. దీంతో దోమ కూడా కనపడదు." అత్త చేతిసంచిలోంచి టేపు అంచు కనిపిస్తోంది.

"మరి ఇది ఎక్కడా దొరకదటగా?" అన్నాడు మామయ్య.

"ఎవరన్నారు?"

మామయ్యా అత్తా నా వంక చూశారు. మెకానిక్ లేచి, గోడకి మేకుకి వేలాడుతున్న అట్టపెట్టెల్లోంచి ఒకటి దించి విప్పాడు. గుండ్రటి లైటు. నిలువు గీతలు. కొత్తది.

"ఇది కుడిదా, ఎడమదా?" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"గుండ్రానికి కుడేంది, ఎడమేంది బాబూ?"

పది నిమిషాల్లో బిగించాడు. పదకొండింటికి రవాణా ఆఫీసులో అధికారి చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు, హారన్ కొట్టించాడు, బ్రేకు చూశాడు, లైట్లు వేయమన్నాడు. రెండూ వెలిగాయి. రెండు క్షణాలు చూసి రాసుకున్నాడు. గీతలు ఉన్నాయా లేవా అని అడగలేదు. కారు పాసయింది.

"గ్రేసు మార్కులు," అంది అత్త. మాటంటే మాటే, కారు వరండాలోనే ఉంది. కాకపోతే ఇప్పుడు వెనక సీట్లో నలుగురు, ముందు సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. స్టీరింగు దగ్గర కూర్చునే అవకాశం లెక్కల్లో ఎక్కువ మార్కులొచ్చిన వాడికి.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ చీరాల రైలెక్కాను. సంచిలో ఆ పాత లైటు, ఆవిడ ఫొటో ప్రింటు, మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న స్క్రూడ్రైవరు. బ్యారన్ తలుపు తీసి లైటును దాని గుంతలో పెట్టి, రింగు తొడిగి బిగిస్తుంటే ఆవిడ అరుగు మీద కూర్చుని ప్రింటు చూసుకుంటోంది.

"అయితే ఇది అక్కర్లేదా?"

"లేదండీ. గుంటూరులోనే దొరికింది."

"అడిగితే నేనే చెప్పేదాన్నిగా," అంది. "మా ట్రాక్టరు తోలే అబ్బాయి ఇట్టాంటి లైట్లు అక్కడినుంచే తెస్తాడు."

ఇప్పుడైతే నాకు నిజంగానే తెలుసు, అది ఏడంగుళాల గుండ్రటి లైటు. పాత జీపుదీ, పాత లారీదీ కూడా దీనికి సరిపోతాయి. స్క్రూ ఒక్కటే, రింగు కింది వైపు ఉంటుంది.